కుప్పం అమ్మతో గోపురం ఎక్కిన రోజు

విత్తనాల కంపెనీలు ఏడాదికోసారి డీలర్లను విదేశాలకు తిప్పుతాయి. చెప్పినంత సరుకు అమ్మితే భార్యాభర్తలిద్దరికీ టిక్కెట్లు. మా ఆయనకు మదనపల్లెలో టమోటా విత్తనాల అంగడి ఉంది. ఇదివరకు రెండుసార్లు అవకాశం వస్తే, సీజనులో అంగడి వదలలేనంటూ తన తమ్ముణ్ణీ, తమ్ముడి భార్యనూ పంపాడు. ఈసారి స్పెయిన్ అనగానే నేను పట్టుబట్టాను. పెళ్ళికి ముందు తిరుపతిలో చరిత్రలో ఎమ్మే చేసినదాన్ని. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు విత్తనాల పొట్లాల మీది అక్షరాలు తప్ప పెద్దగా ఏమీ చదవలేదు.

డీలర్లను ఊరి పేరుతో పిలవడం ఆ వ్యాపారంలో అలవాటు. వాళ్ళ భార్యలకూ అవే పేర్లు అంటుకుంటాయి. అలా నేను మదనపల్లె అమ్మనయ్యాను. మా వైపు నుంచి వచ్చినవాళ్ళలో పుంగనూరు అమ్మకు నడుం నొప్పి, బస్సు దిగేది కాదు. ఇక నాకు తోడుగా మిగిలింది కుప్పం అమ్మ.

మనిషి మంచిదే. చిక్కంతా ఆమె భర్తతో వచ్చింది. ఆమె సంచీ ఆయనే మోస్తాడు, భుజం మీంచి శాలువా జారితే ఆయనే సర్దుతాడు, ఏ గోడ కనిపించినా దాని ముందు నిలబెట్టి ఫోటో తీస్తాడు. నా మొగుడు నాకు హార్స్లీ హిల్స్ కూడా చూపించలేదు. మా అంగడి ముందు నుంచే బెంగళూరు కార్లు ఆదివారం పూట ఆ కొండకు పోతుంటాయి.

సెవిల్ నగరంలో మాకిచ్చింది ఒక్క రోజు. అక్కడి పెద్ద చర్చి గోపురం గురించి నేను నెల రోజులు చదివి వచ్చాను. ఆయనతో కలిసి అది ఎక్కాలి, పైన నిలబడి నాకు తెలిసిందంతా చెప్పాలి, ఆయన వినాలి. అంతకు మించి నేనేమీ కోరుకోలేదు. విమానంలో సరేనన్నాడు కూడా.

తీరా చర్చి ఆవరణలోకి వస్తే వరసగా నారింజ చెట్లు, విరగకాసిన కాయలు. ఆయన అక్కడే ఆగిపోయాడు. రాలిన కాయ ఒకటి తీసి గోటితో చీల్చాడు. ఏ కాయ చేతికొచ్చినా ముందు గింజ చూడడం ఆయన పద్ధతి. తర్వాత ఒక తొన నోట్లో వేసుకుని మొహం ముడుచుకున్నాడు.

“పూరా సేదు. గింజ మాత్రం సూడు, ఎంత బాగుండాదో.”

“గోపురం?” అన్నాను.

“నువ్వు పోయిరా. మోకాళ్ళు నొస్తాండాయి. నేనీడనే ఉంటా.”

చెట్టు కింద గొంతుకూర్చుని గింజలు ఏరడానికి మాత్రం ఆ మోకాళ్ళకు ఏ నొప్పీ లేదు.

కుప్పం ఆయనకు కాలికి ఆపరేషన్ అయింది, కుంటుతాడు. అయినా భార్య వెనకే బయల్దేరాడు. లోపల మెట్లు లేవు, వాలుగా పైకి తిరిగే దారి. ప్రతి మలుపులోనూ ఆగి, ముందు ఆమెకు నీళ్ళిచ్చి తర్వాత తాను తాగాడు. ఎవరి నగలు చూసీ, ఎవరి మిద్దె చూసీ కుళ్ళుకోనిదాన్ని, ఆ నీళ్ళ సీసా చూసి కుళ్ళుకున్నాను.

పైన చల్లటి గాలి. చుట్టూ ఊరంతా తెల్లటి గోడలు. కింద చెట్ల మధ్య మా ఆయన వంగిన వీపు చిన్నగా కనిపిస్తోంది. కుప్పం అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

“అక్కా, దీనికి మెట్లు యాల పెట్టలేదు?”

అడిగింది కదా అని చెప్పాను. ఇది ఒకప్పుడు మసీదు గోపురమని, ప్రార్థనకు పిలిచే మనిషి రోజుకు ఐదుసార్లు నడిచి ఎక్కలేక గుర్రం మీద వచ్చేవాడని, అందుకే మెట్లు కట్టలేదంటారని. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది.

“ఎంత సక్కగా చెప్తావక్కా. అన్న పెట్టి పుట్టినాడు. దినామూ ఇట్లాంటివన్నీ వింటా ఉంటాడు.”

నేను మళ్ళీ కిందికి, ఆ వంగిన వీపు వైపు చూశాను.

దిగి వచ్చేసరికి ఆయన గింజలను రుమాల్లో మూటగట్టుకున్నాడు. నన్ను చూసి లేచాడు.

“ఏముండాది పైన?” అని అడిగాడు.

ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను అలాంటి మాట అడగడం అదే మొదటిసారి. కానీ సరిగ్గా అప్పుడే నా పక్కన కుప్పం ఆయన, కుంటికాలు చాపుకుని కిందికి వంగి, భార్య చెప్పు పట్టీ బిగిస్తున్నాడు.

“ఏమీ లేదు. గాలి” అన్నాను.

“అట్లనా” అన్నాడు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కుప్పం అమ్మ మా ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆయన రొట్టె మీద పూసిన టమోటా ఏ రకమో తేల్చే పనిలో ఉన్నాడు.

“అన్నా, నువ్వు ఎక్కకపోతివి. ఆ గోపురం లోపల గుర్రాలు పోతా ఉండెనంట” అని మొదలుపెట్టింది.

నేను చెప్పిన మాటలే, నేను చెప్పిన వరసలోనే. అక్క చెప్పిందని అనడం ఆమె మరిచిపోయింది. మా ఆయన రొట్టె పక్కన పెట్టి, ముందుకు వంగి విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశాడు. అంతా అయ్యాక నా వైపు తిరిగాడు.

“సూడు,” అన్నాడు, “ఆయమ్మకు ఎన్ని తెలుసో.”