ఎదెల్మీరా పెరట్లో ఊదా తాడు

ఎదెల్మీరా ప్రతి ఉదయం పొయ్యి రాజెయ్యక ముందే ముందుగదిలోని చెక్కమందిరం తలుపులు తెరిచేది. లోపల మూరెడెత్తు పునీత ఫ్రాన్సిస్కో విగ్రహం. "తెల్లారింది తండ్రీ, లేవండి" అని పైకే చెప్పేది. రాత్రి ఆయన పాదాల దగ్గర పెట్టిన గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఆ నీళ్ళు రోజుకో మొక్క మొదట్లో పోసేది. ఏ మొక్కా అలగకూడదని వంతులు వేసుకుంది.

ఆ మొక్కల్ని పట్నం నర్సరీలవాళ్ళు సాల్వియా అంటారు. మా వైపు ఫ్రాన్సిస్కో తాడు అనే అంటాం. నడుమెత్తు పొద. ఆకు పైన పచ్చగా, అడుగున బూడిదరంగులో నూగునూగుగా ఉంటుంది. వానలు వెనకపట్టి పొద్దు కురచయ్యేసరికి కొమ్మకొమ్మ చివరా ఊదారంగు ముఖమల్ కుచ్చు ఒకటి బరువుగా వంగుతుంది. దానిలోంచి తెల్లటి పువ్వులు తొంగిచూస్తాయి. పెంచడం పెద్ద విద్యేమీ కాదు. చలి పోగానే జాలిపడకుండా నేలమట్టానికి కోసెయ్యాలి. ముదిరిన దుబ్బుని గునపంతో చీల్చి పిలకలు విడిగా నాటుకోవాలి. ఎరువు ఎక్కువ వేస్తే ఆకే తప్ప పువ్వు రాదు. తల్లి ఆమెకి నేర్పింది ఇంతే.

తల్లి ఇచ్చిపోయింది మాత్రం అంత తేలికైంది కాదు. మా ఊళ్ళో పునీతుడికి గుడిలో కాక ఇళ్ళలోనే బస. అక్టోబరులో ఆయన పండుగనాడు ఆ పువ్వులతో పేనిన తాడు ఆయన నడుముకి కట్టి, అడిగినవాళ్ళ ఇంటికి సాగనంపుతారు. పువ్వు ఆయన బస చేసిన పెరటిదే అయ్యుండాలి. తాడు చాలకపోతే ఆయనకి కదలడం ఇష్టం లేదని అర్థం, ఇంకో ఏడాది అక్కడే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళు ఒక్క రాత్రి కూడా బయట పడుకోకూడదు. ఆయన ముందు దీపం ఆరకూడదు. పూర్వం ఈ భాగ్యం కోసం ఇళ్ళు పోటీపడేవి. తరవాత్తరవాత పడుచువాళ్ళు పనులకి పట్నాలు పట్టారు, అడిగేవాళ్ళు కరువయ్యారు. తల్లి పోయాక పునీతుడు ఎదెల్మీరా ఇంట్లోనే ఉండిపోయాడు. తొమ్మిదేళ్ళయింది. మధ్యాహ్నం వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రాగలిగినంత దూరమే ఆమెకి లోకం.

ఆ లోకానికి అవతల, సరస్సు ఆ ఒడ్డున కిరోగాలో, ప్లాసిదో రొట్టెల భట్టీ ఉంది. భార్య పోయినవాడు. ప్రతి గురువారం బస్సులో వచ్చి, రొట్టెల బుట్ట అరుగు మీద పెట్టి, ఎదెల్మీరా ఇచ్చిన మొక్కజొన్న జావ తాగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. పెళ్ళి చేసుకుందామని మాట ఇచ్చిపుచ్చుకుని చాలా కాలమైంది. భట్టీ రాజెయ్యాలంటే అర్ధరాత్రి ఆయన అక్కడ ఉండాలి, దీపం నిలబడాలంటే ఆమె ఇక్కడ ఉండాలి.

"మీ ఫ్రాన్సిస్కోకి కాళ్ళకి చెప్పుల్లేవు గదా, అందుకే కదలడు. వచ్చేవారం ఒక జత పట్టుకొస్తాను" అనేవాడు ప్లాసిదో.

"ఆయన్నేమీ అనకండి. వింటున్నాడు."

"వినాలనే అంటున్నా. నా జుట్టుకి పిండి అంటుకుందనుకుంటున్నారు జనం. పిండి కాదని ఆయనకైనా తెలియాలిగా."

ఆ ఏడు వసంతంలో రోమువాల్దో, క్రెసెన్సియా అనే పడుచు జంట రొట్టెలూ పూలూ పట్టుకొచ్చి గడపలో మోకరిల్లారు. క్రెసెన్సియాకి కాన్పు గండమై గడిచింది, మొక్కుకుంది. పునీతుణ్ణి తమ ఇంటికి పంపమని అడిగారు. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే ఎదెల్మీరా చూడనైనా లేదు. ఆ గురువారం ప్లాసిదో జావ తాగడం మరిచిపోయాడు.

వానల్లో ఒకరోజు తెల్లవారుజామున ఆమె పెరట్లో జారిపడి మణికట్టు బెణికింది. గోడ అవతల ఉండే ముసలాయన నికనోర్ సంగతి విని, ఆ సాయంత్రమే నిచ్చెనెక్కి, తన గోడ మీద కర్ర పాతి, ఆమె పెరటివైపు పెద్ద బల్బు కట్టాడు. గుడ్లు అమ్ముకుని బతికే మనిషి.

"పొద్దుగూకగానే వేస్తాను, తెల్లారాక తీస్తాను. కరెంటు మాట ఎత్తావంటే నాకు కోపం వస్తుంది తల్లీ" అన్నాడు.

ఆ రోజు నుంచి గుడిగంట వినబడగానే వెలుగు పడేది. ఎదెల్మీరా రాత్రి జపమాలలో ఆయన పేరు కూడా కలుపుకుంది.

సెప్టెంబరు వచ్చింది. ఊళ్ళో ప్రతి పెరడూ ఊదాగా మారింది. ఎదెల్మీరా పొదలు మాత్రం పచ్చగా, ఏపుగా, ఒక్క మొగ్గ లేకుండా నిలబడ్డాయి. నీళ్ళు తగ్గించి చూసింది. ఉపవాసం ఉంది. క్రెసెన్సియా ఆదివారం ఆదివారం చంటిపిల్లనెత్తుకుని వచ్చి, పొదలకేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళేది.

ఎదురింటి పాస్కువాలా ఊరుకోలేదు. "బాగా మేపావమ్మా మొక్కల్ని. పువ్వుల ఊసెందుకు, కోసి ఆవుకి వెయ్యి. మీ ఇంటికి మరిగిన పునీతుడు రొట్టెలవాడి కోసం ఇల్లు ఖాళీ చేస్తాడా?"

పండుగ ఇంకో వారముందనగా, నీళ్ళతొట్టి వెనక ఉన్న పొదలో ఎదెల్మీరాకి ఊదారంగు కనబడింది. పొద మొత్తానికి కాదు. తొట్టి చాటున్న కొమ్మలకి కుచ్చులున్నాయి, బయటికి చాచిన కొమ్మలకి లేవు. ఆమె అక్కడే నిలబడి ఉండగా గుడిగంట మోగింది, బల్బు వెలిగింది. తొట్టి నీడ పొద మీద పడింది. రంగు ఎక్కడ ఆగిందో నీడ సరిగ్గా అక్కడే ఆగింది. రాత్రి పొడుగైతేనే పూసే మొక్కలవి. రాత్రన్నదే ఎరగని మొక్కలకి కాలం మారిన సంగతి ఎవరు చెబుతారు?

గురువారం ప్లాసిదోకి చూపించింది.

"పెద్దలకి చెబుదాం. పునీతుడి ఇష్టం కాదిది, బల్బు పని. చెబితే వేరే పెరట్లో పువ్వు వాడుకోనిస్తారు" అన్నాడు.

"చెబితే ఊరంతా నికనోర్‌నే అంటుంది. పోయేదాకా ఆయన ముఖం మీద అంటూనే ఉంటుంది. ఆయన గుడ్లమ్మి కరెంటు కట్టాడు నాకోసం."

"ఆయన కట్టింది కరెంటు. మనం కట్టేది ఏడాది, ఎదెల్మీరా. నాకు అరవై వస్తున్నాయి."

"తెలుసు."

"తెలిసీ చెప్పవు."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. కళ్ళు కొంగుతో తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళి నికనోర్‌ని పిలిచింది. మణికట్టు నయమైందనీ, ఆయన మెట్లే చీకటిగా ఉంటున్నాయనీ, బల్బు అటు తిప్పుకోమనీ చెప్పింది. ఆయన సంబరంగా తిప్పుకున్నాడు. ఈ ఏటికి మొగ్గ తొడగడానికి వారం చాలదని ఆమెకి తెలుసు.

పండుగనాడు తొట్టి వెనక పువ్వంతా కోసి తాడు పేనింది. ఎంత పలచగా పేనినా పునీతుడి నడుము చుట్టి వచ్చేసరికి రెండు కొసలూ కలవలేదు. బెత్తెడు వెలితి. ఊరిపెద్ద ఫిలెమోన్ మరోసారి లాగి చూసి, చేతులు దించేశాడు.

"ఆయనకి ఇక్కడే బాగుందట" అన్నాడు.

జనం సిలువ గుర్తు వేసుకున్నారు. రోమువాల్దో టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నికనోర్ తడికళ్ళతో వచ్చి ఎదెల్మీరా తలమీద చెయ్యి పెట్టాడు. "చూశావా తల్లీ, ఆయన నిన్ను వదిలిపోలేకపోతున్నాడు" అన్నాడు. ఆమె ఆ చేతిని ముద్దుపెట్టుకుంది.

ప్లాసిదో గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ రొట్టెలు పంచాడు. ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు. సాయంత్రం బస్సుకి ఖాళీ బుట్టతో వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక క్రెసెన్సియా ఉండిపోయి, తొట్టి దగ్గర కూర్చుని మట్టి కప్పులు కడుగుతోంది. పిల్ల పక్కన చాపమీద నిద్రపోతోంది.

"వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాం అత్తా. నా మొక్కు అలాగే ఉంది" అంది.

"అడుగు తల్లీ." ఎదెల్మీరా ఆమె కడిగిన కప్పులు తుడిచి బోర్లిస్తోంది. కాసేపటికి చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "ఈలోగా నాకొక సాయం చేస్తావా?"

"చెప్పండత్తా."

"వచ్చే గురువారం ఒక్క రాత్రి నువ్వూ పిల్లా ఇక్కడ ఉండండి, దీపం చూసుకోండి. నేను కిరోగా వెళ్ళొస్తాను. అర్ధరాత్రి భట్టీ ఎలా రాజేస్తారో ఇన్నేళ్ళలో ఒక్కసారి చూడలేదు. ఆయన చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది, తప్పుపట్టడానికేం లేదు. బయట పడుకోకూడదనేగా కట్టుబాటు? పడుకోను. భట్టీ ముందు స్టూలు వేసుకుని తెల్లవార్లూ కూర్చుంటాను, మొదటి బస్సుకి వచ్చేస్తాను. ఎవరైనా అడిగితే నాకోసం అబద్ధమాడకు. నేనే బతిమాలానని చెప్పు."