రెండంగుళాల పైపూ, మా టెస్టు మేష్టారూ

మా టెస్టు మేష్టారు పోయారని సోమవారం పొద్దున్న కబురొచ్చింది. అమలాపురం నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయేరండి నాన్నగారు. ఇబ్బందేం పడలేదండి," అన్నారు. నిండుగా బతికిన మనిషి, మనవల పెళ్లిళ్లు కూడా చూశారు. అయినా ఫోన్ పెట్టేశాక, ఆయన సంతకం ఉన్న నా పాత కార్డు వెతికి తీసి చూసుకున్నాను. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిన పరీక్ష వల్లే.

మేష్టారంటే బడి మేష్టారు కాదు. ఓడలరేవు వైపు గ్యాస్ పైపుల పనులకి వచ్చే వెల్డర్లలో ఎవరికి ఏ పరీక్ష పెట్టాలో ఆయన నిర్ణయించేవారు. పాసైనవాళ్ల కార్డు మీద సంతకం ఆయనదే. ఆ కార్డు లేకపోతే ఎంత పనిమంతుడైనా పైపు ముట్టుకోడానికి లేదు. మేం మసి చొక్కాలతో ఎదురుపడినా "వెల్డరుగారూ" అనే పిలిచేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన సెనగలుండేవి. పరీక్షకి ముందు గుప్పెడు చేతిలో పోసి, "ముందు నమలండి, చెయ్యి వణకడం తగ్గుద్ది," అనేవారు. సెనగలకీ చేతి వణుక్కీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు గానీ, తగ్గేది.

మా వాళ్లకి సిక్స్‌జీ పరీక్షంటే మహా మోజు. పైపుని ఏటవాలుగా బిగించేస్తారు, కదపడానికి వీల్లేదు. వెల్డరే దాని చుట్టూ తిరిగి, వంగి, ఒరిగి, కిందా పైనా అతకాలి. అది పాసైతే పైపు ఏ తీరుగా ఉన్నా అతకొచ్చు కాబట్టి కాంట్రాక్టర్లు అందరికీ అదే పెట్టమంటారు. షెడ్డులో కూర్చుని, రోలర్ల మీద తిరిగే పైపుని అతికే మనిషికి అదెందుకని మేష్టారు వాదించేవారు. "రోజూ ఇంట్లో పప్పు వండే మనిషిని పిలిచి, పెళ్లివంట చేసి చూపించమంటే ఎలాగండి? ఆ పప్పేదో రుచి చూస్తే పోలా," అనేవారు.

ఇక నా సంగతి. మాది ఐ.పోలవరం, చేపల వేట మీద బతికే ఇల్లు. వేట పడవల ఇంజన్లకి సన్న గొట్టాలు అతుకుతూ పని నేర్చుకున్నాను. ఇంజను కింద దూరి, కంటికి కనబడని చోట అద్దం పెట్టుకుని చూస్తూ అతికే పని అది. నాన్న వేట మానేశాక ఇంటిల్లిపాదికీ నా చెయ్యే ఆధారమైంది. పైపుల పనిలో కుదురుకుందామని పరీక్షకి వెళ్లాను. మొత్తం తొమ్మిదిమందిమి. ఆరంగుళాల పైపు మీద సిక్స్‌జీ పెట్టారు. ఎనిమిదిమంది పాసయ్యారు, నేను తప్పాను. అంత లావు పైపు చుట్టూ తిరగడం నాకు అలవాటు లేదు, అడుగు భాగంలో లోపలి అతుకు సరిగ్గా నిండలేదు. మర్నాడు బస్సెక్కెయ్యమన్నాడు కాంట్రాక్టరు. ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? సంచి సర్దుకుంటూ నిజంగానే ఏడ్చాను.

అప్పుడే మేష్టారు డ్రాయింగుల కట్ట పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. అందరినీ పిలిచారు.

"పొరపాటు జరిగిందండి. నాదే. ఆరంగుళాల ముక్కలు చేతికందేయి కదాని వాటిమీదే పరీక్ష పెట్టించేసేను. డ్రాయింగులు ఇప్పుడు చూసేను. మీరు చెయ్యాల్సినవన్నీ రెండంగుళాల లైన్లండి. లావు పైపు మీద తెచ్చుకున్న కార్డు సన్న పైపుకి చెల్లదు. మళ్లీ పెట్టాలి."

ఎనిమిదిమందీ భగ్గుమన్నారు. వాళ్లలో వయసులో పెద్దాయన, "అంటే మాకు పని రాదనాండి మీ ఉద్దేశం?" అని నిలదీశాడు. కాంట్రాక్టరైతే, "సంతకాలు అయిపోయేయి కదండి, ఎవరు చూడొచ్చేరు?" అన్నాడు. మేష్టారు చేతులు కట్టుకుని అన్నీ విన్నారు. "లోపల పారే గ్యాసుకి నా సంతకం చదవడం రాదండి," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మీరూ ఉండండి వెల్డరుగారూ. ఇది వేరే పరీక్ష," అన్నారు.

నాకు సిగ్గేసింది. పక్కకి పిలిచి అడిగేశాను. "నామీద జాలిపడి పెడుతున్నారాండి?"

"కాదండి. మీకోసం పెట్టడం లేదు. పైపు కోసం పెడుతున్నాను."

అప్పుడు ఆ మాట చురుక్కుమంది. తర్వాత తర్వాత అదే నాకు ధైర్యమైంది. జాలితో వచ్చిన కార్డయితే ఇన్నేళ్లు తలెత్తుకుని పని చెయ్యగలిగేవాణ్ణి కాదు.

ఆ రోజు నుంచి డ్రాయింగు చూడకుండా ఆయన ఎవరికీ పరీక్ష పెట్టలేదు. తన పొరపాటుని దాచుకోకపోగా కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుతూ చెప్పేవారు. ఇప్పుడు పరీక్షలు ఎంచే పని నాది. సందేహమొచ్చి ఫోన్ చేస్తే, నేను పావుగంట చెప్పినదంతా విని, "ఆయ్, బావుందండి. ఇంతకీ ఆ వెల్డరుగారు చెయ్యబోయే పనేంటండి?" అని ఒక్కటే అడిగేవారు. సగం సార్లు ఫోన్ పెట్టేసి కనుక్కోడానికి పరిగెత్తేవాణ్ణి.

ఆ రెండంగుళాల పరీక్ష నాకు నిన్నటిలా ఉంది. సన్న పైపు కంటపడగానే నా ప్రాణం లేచొచ్చింది. మా ఇంజను కింద దూరినట్టే దూరి, అతికి, బయటికొచ్చాను. ముక్క చల్లారాక మేష్టారు దాన్ని బిగింపు లోంచి తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూశారు. ఎంతకీ దించరు. అతుకులో లోపాలు పట్టే ఎక్స్‌రే రిపోర్టు వచ్చేది తర్వాత. ఉండబట్టలేక రెండో చివర నుంచి నేనూ వంగి చూశాను. లోపల చుట్టూరా సన్నగా, సమంగా నా అతుకు. దాని మధ్యలో మేష్టారి కన్ను, నవ్వుతూ.