బావి అడుగున బోరు

వైశాఖంలో అమావాస్యకు ముందు మంగళవారం, ఉదయం ఏడుంబావుకు మా బావిలోకి బోరు మిషను దిగింది.

బేరిగై ఊరి పక్కన మా చేను. పైన ఎర్రమన్ను, దాని కింద చేత్తో నలిపితే రాలే గరుసు, అడుగున నల్లబండ. వాన నీళ్లు మన్ను దాటి గరుసులో నిలుస్తాయి. బండ వాటిని కిందికి పోనివ్వదు. అక్కడినుంచి మెల్లగా బావిలోకి ఊరతాయి. అందుకే వాన వెలిసిన వారానికి కూడా మట్టం పెరుగుతూ ఉండేది. మూరకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి, సోమవారం సోమవారం పాలు పితికాక బావిలోకి వదిలేదాన్ని. తడిసిన ముడులే నా లెక్క.

ఆ వేసవిలో తడిసింది ఒక్క ముడి. చేను మాకూ మరిదికీ ఉమ్మడిది. అరెకరం టమాటా వాడుతోంది. నాకు టమాటా కంటే నా రెండావులు ముఖ్యం. మా ఆయన పోయాక నావి అని చెప్పుకోవడానికి ఉన్నవి ఆ రెండే. రెండు పూటలా పాలు పోస్తే ఇంట్లో ఎవరినీ చెయ్యి చాచి అడగనక్కర లేదు.

చేలో అంతకుముందు వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే వచ్చింది. ఈసారి బావిలోనే వేద్దామన్నాడు మరిది.

“పైనుంచి వేస్తే గరుసు కూలకుండా పైపు దించాల. బావిలో అయితే నేరుగా బండే వదినా. సగం పని మిగిలినట్టే.”

“బండకు బొక్క పెడితే పై నీళ్లు కిందికి దిగవా అప్పా?”

“నీళ్లు కిందినుంచి పైకొస్తాయి. నీ తాడుకు అది తెలీదులే.”

మిషను నడిపే తమిళాయనకు తెలుగు వచ్చు. “తాడు ఎంత పోతాదమ్మా? మాది వెయ్యి అడుగులు పోతాది” అన్నాడు.

“మీది పోతాది. మాది పోయి తిరిగొస్తాది” అన్నాను. అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు.

సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. ఆవుల వీపుల మీద రాతిపిండి తెల్లగా పేరుకుంది. కడిగాను. రెండు నెలలు మోటారు బాగానే పోసింది. తర్వాత నీళ్లకు బదులు గాలి వచ్చింది. టమాటా ఎండిపోయింది. దిగువన గులాబీలు పెంచే షెడ్లవాళ్లు, వాళ్ల అవతల ఇంకొకరు, అందరూ ఆ లోతునుంచే తోడుతున్నారు.

భాద్రపదంలో వానలు పడ్డాయి. గరుసు ఎప్పటిలాగే ఊరింది. సోమవారం తాడు ఆరు ముడులు తడిసింది.

“చూస్తివా వదినా, ఈ ఏడు గడిచిపోయినట్టే” అన్నాడు మరిది.

మంగళవారం ఆవులకు నీళ్లు చేదబోతే బొక్కెన ఇంకా కిందికి పోయింది. తాడు వేశాను. నాలుగు. గోడ మీద నిన్నటి తడి గీత పైన ఉంది, నీళ్లు కింద ఉన్నాయి. గురువారానికి ఒకటి. ఒడ్డున వంగితే, సీసాలో నీళ్లు పోసినట్టు బోరు నోట్లోంచి గుడగుడ వినిపించింది. కింద అందరూ ఖాళీ చేసిన చోటికి మా నీళ్లు దిగిపోతున్నాయి.

మరిది దిగి బోరులో కంకర, సిమెంటు కూరాడు. మళ్లీ వాన పడింది. మూడు ముడులు వచ్చాయి, మూడూ పోయాయి.

“బోరు నోరు మూసినాను వదినా. మిషను అదురుకు బండ యాడో చీలినట్టుంది.”

“తాడు తెచ్చి కొలిచేదా?”

“వద్దులే” అన్నాడు. నా వైపు చూడలేదు.

ట్యాంకరు నీళ్లు ఇంటి వాడకానికే సరిపోయేవి. కార్తీకంలో సూళగిరినుంచి ఆవుల బేరగాడు వచ్చాడు. పెద్దావు బండి ఎక్కనని కాళ్లు తన్నిపెట్టింది. వెనకనుంచి నేనే తోశాను. లోపలికి వచ్చి పాలచెంబు బోర్లించి, అన్నం తిన్నాను.

పోయినవి: బావిలో నీళ్లు, ఆరు ముడులు. టమాటా, అరెకరం. ఆవులు, రెండు. వాటిలో ఒకటి చూలుది.