రాతిముఖం పెట్టి పొట్టేలును పోగొట్టుకున్న వైనం

ముందే చెబుతున్నాను, ఇది పెద్ద ప్రమాదం కథ. ప్రాణనష్టం లేదు. నా పరువు, ఒక పొట్టేలు, ఈ రెండే పోయాయి. పరువు అంతకుముందు కూడా పెద్దగా లేదు గనుక నా బాధంతా పొట్టేలు గురించే.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఇంట్లో జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, చుట్టూ వేరుశనగ చేలు. అలాంటి చోటికి డిస్క్ గోల్ఫ్ ఎలా వచ్చిందంటారా? ఫోన్లో వచ్చింది. ఇనుప గొలుసులు వేలాడే బుట్టలోకి దూరం నుంచి ప్లాస్టిక్ పళ్లెం విసరాలి. ఎవరు తక్కువ విసుర్లతో వేస్తే వాళ్లే గెలిచినట్టు. కదిరిలో వెల్డింగ్ షాపు నడిపే నా స్నేహితుడు బాషా సైకిల్ రిమ్ములకు గొలుసులు కట్టి తొమ్మిది బుట్టలు చేశాడు. మా ఊరి బీడు మా మైదానమైంది.

బాషా ఆట చూసి నేర్చుకున్నాడు. నేను ఆటగాళ్ల ముఖాలు చూసి నేర్చుకున్నాను. ఆ పెద్ద పెద్ద ప్రొఫెషనల్ ఆటగాళ్లు పళ్లెం బుట్టలో పడినా, ముళ్లకంపలో పడినా ఒకటే ముఖం పెడతారు. నవ్వరు, తిట్టరు, పక్కవాడు విసురుతుంటే ఊపిరి కూడా అడిగి పీలుస్తారు. అసలు విద్య అదేననుకుని మూడు నెలలు అద్దం ముందు సాధన చేశాను.

మా అమ్మ చూసి హడలిపోయింది. "ఏమైందిరా సూరీ? కడుపునొప్పా? వాము నీళ్లు కాచేదా?"

"ఇది ప్రొఫెషనల్ ముఖం లేమ్మా."

"యాదో ఒకటి. తాగి పండుకో."

ఇంతలో టోర్నమెంటు పెట్టాం. మొదటి బహుమతి ఏమిటన్నది ప్రశ్న. అప్పుడు నా నోరు నన్నడక్కుండా, "మా చిన్నోడిని పెడతాం" అనేసింది. చిన్నోడంటే నేను సీసాతో పాలు పట్టి పెంచిన పొట్టేలు. తల్లి ఈనగానే చనిపోతే నా మంచం కిందే పెరిగాడు.

నాయన తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "నీకేమన్నా తిక్కనా? పోతే?"

"యాడికి పోతాడు నాయనా? గెలిచేది నేనే కదా. పేరూ మనకే, పొట్టేలూ మనకే."

"నేను గెలిస్తే ఆయితారం బిర్యానీకి మీరందరూ రావల్ల," అన్నాడు బాషా, చిన్నోడి వీపు తడిమి చూస్తూ. ఆ తడమడం నాకు నచ్చలేదు. కానీ ముఖం కదిలించలేదు. ప్రొఫెషనల్‌ని కదా!

రూల్స్ కూడా నేనే రాశాను. ఒకరు విసిరేటప్పుడు ఇంకో ఆటగాడు శబ్దం చేస్తే ఒక విసురు జరిమానా.

"మొదటిసారికి చెప్పి ఇడిసిపెడదాం లేప్పా, మనోళ్లే కదా," అన్నాడు బాషా.

"ప్రొఫెషనల్ ఆటలో ఇడిసిపెట్టేది ఉండదు!"

అంపైరుగా ఉన్న రెడ్డప్ప సారు, మా బడి వ్యాయామం మాస్టారు, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీసి, కొలతలు రాసి, సారు చేతికిచ్చానన్నమాట.

ఆట రోజున చిన్నోడి తాడు పట్టుకుని నాయన వచ్చాడు. రెండో బుట్ట దగ్గర పాపం దగ్గాడు. పరుగున వెళ్లి చెవిలో చెప్పాను. "నాయనా, నువ్వు శబ్దం చేస్తే జరిమానా నాకు పడ్తాది." అది అబద్ధం. ఆ రూలు ఆటగాళ్లకే. కానీ నాయన నమ్మాడు. ఆ తర్వాత దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బాగా విసిరినప్పుడు నా భుజం తట్టబోతే, ఎవరో తెలియనట్టు పక్కకు జరిగాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

చివరి బుట్ట. నా వంతు ముగించి బుట్ట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాషా ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. వాడి విసురు పడితే సమం, పడకపోతే గెలుపు నాది, చిన్నోడు నావాడు. ఎదురుగాలి రేగింది. లోపల నేను గంతులేస్తున్నాను, పైన మాత్రం రాతిముఖం.

బాషా చెయ్యి వెనక్కి తీశాడు. సరిగ్గా అప్పుడే నాయన కనిపించాడు. తువ్వాలు గిరగిరా తిప్పుతున్నాడు, నోరు తెరుస్తున్నాడు, మాట మాత్రం రావడం లేదు. చేతిలో తాడు ఉంది, తాడు చివర పొట్టేలు లేదు. చిన్నోడు పక్కవాళ్ల వేరుశనగ చేలోకి దూసుకుపోతున్నాడు!

పరాయి చేలో జీవం పడితే జీవాలవాడి నోరు ఎవరి అనుమతీ అడగదు. బీడంతా దద్దరిల్లేలా అరిచాను. "డుర్ర్ర్... హోయ్! దా దా దా దా!"

బాషా చెయ్యి అదిరింది. పళ్లెం ఎటో లేచింది, గాలికి వంగింది, తిరిగొచ్చి గొలుసుల్లో గల్లుమని పడింది. దాని వెనకే చిన్నోడు పరుగెత్తుకొచ్చి నా మోకాలికి తల రుద్దాడు.

రెడ్డప్ప సారు జేబులోంచి కాగితం తీశారు. "సమం అయింది. దాని మీద సూరికి ఒక విసురు జరిమానా. ఇడిసిపెట్టేది ఉండదు అని ఈ కాగితంలో నువ్వే రాసినావు."

"నాయనా, నువ్వే ఒక్క కేక పెట్టకూడదా?" ఏడుపు గొంతుతో అడిగాను.

దగ్గు ఆపుకోవడానికి మళ్లీ కుక్కుకున్న తువ్వాలును నాయన నోట్లోంచి తీశాడు. "అరిస్తే నీకే జరిమానా అంటివి కదరా. ఇంగ దగ్గొచ్చునా?"

మూడు నెలల సాధన ఒక్క క్షణంలో పోయింది. ముందు ఏడ్చాను, తర్వాత నాయన దగ్గు చూసి నవ్వాను, తర్వాత రెండూ కలిపి చేశాను.

చిన్నోడు నేను లేకుండా ఆటో ఎక్కనన్నాడు. అలా ఓడినవాడే బహుమతిని ఒళ్లో పెట్టుకుని కదిరి దాకా వెళ్లి అప్పగించాడు. బాషా వాళ్లమ్మ తలుపు తీసి, నా భుజం మీద తల పెట్టుకున్న పొట్టేలును చూసింది. "బిడ్డ మాదిరి ఉండాది. దీన్ని కోస్తే నీకు ఇంట్లో కూడు లేదు బాషా," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నోడు ఇప్పుడు వాళ్ల షాపు ముందే ఉంటాడు. ఆదివారమైతే చాలు, నేను కదిరి బస్సెక్కుతాను.

"ఆ గాలిలో ఎట్లేసినావు బాషా?" అని ఒకసారి అడిగాను.

"నేను యాడ వేసినాను? నువ్వు దా దా అని పిలిస్తివి. పొట్టేలుతో పాటు పళ్లెం కూడా వచ్చినాది!"

కాబట్టి పాఠకమహాశయులారా, గొలుసుబుట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక రాతిముఖం పెట్టను. నాయన దగ్గుకు అడ్డుపడను. పొట్టేలును బహుమతిగా అసలే పెట్టను. పెట్టడానికి నా దగ్గర ఇంకోటి లేదు కూడా.