గడువులోపల మూసిన ఫిర్యాదులు

మొన్న మా చెల్లెలి కూతురు ఏదో పరీక్షకు చదువుకుంటూ, పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలు అడగమంది. కంప్యూటర్ల కంపెనీల్లో సేవలు ఏ పద్ధతిలో నడపాలో చెప్పే ఐటిల్ పరీక్షట అది. దీని తరవాత ఎజైల్ అనీ స్క్రమ్ అనీ మరి రెండున్నాయట, అవన్నీ ఉంటేనే గాని ఉద్యోగంలో పైమెట్టు ఎక్కనివ్వరట. ఇన్సిడెంటుకూ ప్రాబ్లమ్‌కూ తేడా ఏమిటని అడిగితే ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పేసింది. ఒక్క మాట తప్పు పోలేదు. ఆ పేజీ దగ్గర ఆగిపోయినదాన్ని నేనే. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు మొదటిసారి వస్తూండగా చూసిన నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

ఏలూరులో పవర్‌పేట వైపు ఒక మేడ మీద మా కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు, చుట్టుపక్కల కాలేజీలకూ రైసు మిల్లులకూ సంఘాల ఆఫీసులకూ కంప్యూటర్లు అమ్మి, అవి మొరాయిస్తే వెళ్ళి బాగుచేసి వచ్చే పదిమందిమి. డిగ్రీ చదివి టైపు నేర్చుకున్న నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టి, వచ్చిన ఫిర్యాదులు రిజిస్టరులో రాసుకోమన్నారు. వాటికోసం తిరిగేవాళ్ళలో పెద్దాయన మా అందరికీ బాబాయి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చేవారు. అంతకుముందు రేడియోలు బాగుచేసిన మనిషి, కంప్యూటరు మా దగ్గరికి వచ్చాకే విప్పి చూసి నేర్చుకున్నారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. వెళ్ళిన చోట ముందు కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఎప్పట్నుంచి ఇలా అవుతోందో అడిగి తెలుసుకుని, అప్పుడు గాని స్క్రూలు విప్పేవారు కారు. ఆయన తిరిగొచ్చేసరికి ఎప్పుడూ సాయంత్రమే.

అలా కొన్నేళ్ళు గడిచాక మాకు హైదరాబాదు నుంచి కొత్త మేనేజరుగారు వచ్చారు. చెడ్డవాడని చెప్పలేను, మర్యాదగానే మాట్లాడేవారు. ఆయనే మా రిజిస్టరు తీసేయించి, ప్రతి ఫిర్యాదుకూ కంప్యూటరులో టికెట్టు అనే ఒక నంబరు, ప్రతి టికెట్టుకూ నాలుగు గంటల గడువు పెట్టారు. గోడ మీద ఒక బోర్డు పెట్టించారు, గడువులో మూసినవి పచ్చరంగు, దాటినవి ఎరుపు. నన్ను ఈ ఐటిల్ పరీక్షకే పంపించారు. పాసయ్యాను. నా బల్లకు సర్వీస్ డెస్క్ అని పేరు వచ్చింది. మా నాన్నగారు బడిపంతులు, పరీక్ష పాసవడమంటే మా ఇంట్లో పెద్ద సంగతి కాబట్టి, ఆ కాగితానికి ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం.

ఆ వేసవిలో కొల్లేటికోట దగ్గరి ఒక లంక ఊరి నుంచి ఫోను వచ్చింది. అక్కడి చేపలవాళ్ళ సంఘంలో గుమాస్తాగా పనిచేసే అమ్మాయి, సభ్యులకు గుర్తింపు కార్డుల కోసం ఇంటింటి పేర్లూ టైపు చేస్తోంది. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటరు దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతోందట, అప్పటిదాకా కొట్టినది పోతోందట. మా కుర్రాళ్ళలో ఒకరు బస్సు దిగి పడవెక్కి వెళ్ళి చూస్తే చక్కగా నడుస్తోంది. ఒకసారి ఆపి, మళ్ళీ వేసి, సంతకం చేయించుకుని వచ్చాడు. టికెట్టు మూశాను, పచ్చరంగు. నాలుగు రోజులకు మళ్ళీ అదే ఫోను, మళ్ళీ అదే వైద్యం. తరవాత తరవాత వెళ్ళడం కూడా మానేసి, ఆపి మళ్ళీ వెయ్యమ్మా అని ఫోనులోనే చెప్పి మూసేసేవాళ్ళం. పదోసారి ఆ అమ్మాయి గొంతు మారిపోయింది.

"ఏవండీ, పొద్దుట్నుంచి కొట్టిందంతా పోయిందండీ. ఎన్నిసార్లని కొట్టనండీ? నెలాఖరుకి పంపకపోతే మావాళ్ళకి కార్డులు రావంటున్నారండీ."

నేను ఆపి మళ్ళీ వెయ్యమనే చెప్పాను. అదీ పచ్చరంగులోనే మూశాను. పదకొండోసారి ఫోను వచ్చినప్పుడు మాత్రం బాబాయి విన్నారు. చేతిలో వేరే పని ఉన్నా, తానే వెళతానన్నారు.

ఆయన చేసినదల్లా కూర్చోవడం. పొద్దున వెళ్ళి, ఆ అమ్మాయి టైపు చేస్తూంటే పక్కన కూర్చుని చూశారట. మధ్యాహ్నం పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో పెద్ద మోటారు వేయగానే బల్బు వెలుగు తగ్గింది, కంప్యూటరు ఆగింది. రెండూ ఒకే కరెంటు తీగ మీద ఉన్నాయి. లైన్‌మేన్ కోసం కబురు పంపి, అతను వచ్చేదాకా ఉండి, సంఘం కనెక్షను వేరే తీగకు మార్పించి, మోటారు ఇంకోసారి వేయించి చూసి, చీకటి పడే వేళకు పడవెక్కారు.

నెల చివర మీటింగులో బోర్డు మీద ఆయన పేరు ఎదురుగా ఎరుపు.

"ఒక్క ఫిర్యాదుకి రోజంతానాండీ?" అన్నారు మేనేజరుగారు.

"అది ఒకటి కాదండీ," అన్నారు బాబాయి. "పదకొండు."

మేనేజరుగారు అర్థం కాక నా వైపు తిరిగారు. రికార్డులో ఎలా ఉందని అడిగారు. నేను చదివిన పుస్తకంలోనే ఉంది, పదేపదే వచ్చే ఇన్సిడెంట్ల, అంటే ఒకే రకం ఫిర్యాదుల, వెనకాల ఒక ప్రాబ్లమ్ ఉంటుందనీ, దాన్ని వేరుగా రాసి మూలం వెతకాలనీ. మేనేజరుగారు మాకు తెచ్చింది ఆ పుస్తకంలో సగమే. ఆ గదిలో ఉన్నవాళ్ళలో మిగతా సగం కూడా చదివి పాసైనదాన్ని నేనొక్కదాన్నే.

"పది గడువులోపలే మూసేశామండీ," అన్నాను. "ఇది ఒక్కటే దాటింది."

అబద్ధం కాదు. బాబాయి నా వైపు చూడను కూడా లేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఐటిల్ పరీక్ష పాసయ్యేదాకా ఆయనను బయటి పనులకు పంపవద్దని ఆ రోజే తేల్చారు. ఆ వయసులో ఇంగ్లీషు పరీక్ష ఆయన ఎక్కడ రాస్తారు? రెండు వారాలు మూలన కూర్చుని పాత కీబోర్డులు తుడిచారు. మూడో వారం నుంచి రాలేదు. ఆయన మానేసిన నెలలోనే నాకు ప్రమోషను వచ్చింది.

చాలా నెలల తరవాత ఒక ఆదివారం ధైర్యం చేసి తాడేపల్లిగూడెం వెళ్ళాను. వీధి అరుగు మీద ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నారు. పిన్నిగారు కాఫీ ఇచ్చారు. చెప్పాలనుకున్నది దారి పొడుగునా కూర్చుకుంటూనే వెళ్ళాను గానీ, నోరు విప్పేలోపు ఆయనే అడిగారు.

"ఆ లంకలో అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసిందామ్మా?"

"లేదు బాబాయ్."

"అయితే కార్డులు వచ్చేసుంటాయి," అని మళ్ళీ మిక్సీ మీదికి వంగారు. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆయన పోయి ఏళ్ళయింది. రిటైరయ్యేదాకా నేను ఈ పద్ధతులే పనిగా బతికాను, కంపెనీలు మారాను, ఎన్నో పేర్లతో వచ్చిన పద్ధతులు చూశాను. ఒకటి పాతబడగానే మరొకటి వచ్చేది, మళ్ళీ పరీక్ష, మళ్ళీ బోర్డు. ఇప్పుడు ఎవరూ పడవెక్కి వెళ్ళనక్కరలేదు, ఎక్కడో కూర్చుని ఎక్కడి యంత్రాన్నో సరిచేస్తారు, అది మంచిదే. కానీ పక్కన ఒక పూట కూర్చుని చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు, ఉన్నా దాన్ని రాసుకోవడానికి ఫారాల్లో గడి లేదు. తలుచుకుంటే కోపం కూడా రాదు, ఒళ్ళంతా అలసట తప్ప.

కొత్తగా చేరిన పిల్లలకు ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. ప్రాబ్లమ్ అధ్యాయం వచ్చినప్పుడల్లా ఆ లంక ఊరి కథే చెప్పేదాన్ని. పిల్లలు ఎంతో ఇష్టంగా వినేవారు. పెద్దాయన పడవెక్కి తిరిగి రావడంతో కథ ముగించేదాన్ని, మీటింగు దాకా ఏనాడూ వెళ్ళలేదు.