బావి దగ్గర దిగలేని హెలికాప్టర్

విడపనకల్లుకు తూర్పున, రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్ల లోపల, ఎప్పుడో వదిలేసిన మట్టి రన్‌వే ఒకటి ఉండేది. ఏప్రిల్ మొదటి వారంలో, ఉదయం పదకొండుంబావుకు నన్ను అక్కడ దించారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. వరుసగా మూడో ఏడు వానలు లేవు. నాలుగు గుడారాలు, ఒక నీళ్ల ట్యాంకరు, ఒక ఇంధనం లారీ, రెండు చిన్న హెలికాప్టర్లు. నా సామాను ఒక ట్రంకు పెట్టె, హెల్మెట్, తొడకు కట్టుకునే మ్యాపు పలక, రెండు లీటర్ల నీళ్ల సీసా. గుడారంలో నలభై రెండు డిగ్రీలు.

మాది రాప్తాడు. సైన్యంలో ఉండగా సొంత జిల్లాకు డ్యూటీ మీద రావడం అదొక్కసారే.

హెలికాప్టర్ మీద నాకు అప్పటికి నలభై గంటలు. అంటే ఇంకా కొత్తవాణ్ని. అంతకుముందు కాలేజీ రోజుల్లో రెండు సీట్ల విమానం నేర్చుకున్నాను. పదకొండు గంటల శిక్షణకే ఒంటరిగా ఎగిరాను. ఆ పొగరు కొంచెం ఉండేది. రెండో రోజుకే దిగిపోయింది.

చిన్న విమానం మన తప్పులు ఓర్చుకుంటుంది. సరిగ్గా సర్దిపెట్టి చేతులు వదిలితే కాసేపు తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్ అలా కాదు. ఎడమ చేతిలో ఎత్తు, కుడి చేతిలో దిక్కు, కాళ్ల కింద ముక్కు. ఒకటి సర్దితే మిగతా రెండూ చెదిరిపోతాయి. ముందుకు పోవడం పర్వాలేదు. పది అడుగుల ఎత్తులో ఒక్కచోట నిలపమని మేజర్ చెబితే, మొదటి వారమంతా నేను బీడుపడిన వేరుశనగ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిరిగాను.

"నీ చేతులు ఇంకా విమానంలోనే ఉన్నాయి," అనేవాడు మేజర్. మాకు శిక్షణ ఇచ్చేది ఆయనే. పంజాబీ. మాట్లాడేది హిందీ.

మా పని చేలల్లో, దుమ్ములో దిగడం నేర్చుకోవడం. విమానం లేపిన దుమ్ము దాని వెనక ఉండిపోతుంది. హెలికాప్టర్ తాను లేపిన దుమ్ములోనే దిగాలి. ఆఖరి పదిహేను అడుగులు కళ్లకు ఏమీ కనపడదు.

మే నెలలో ఒకరోజు, మధ్యాహ్నం పన్నెండు నలభైకి, వైర్‌లెస్ జవాను గుడారంలోకి వచ్చాడు.

"సార్, జిల్లా కేంద్రం నుంచి కబురు. ఉరవకొండ అవతల ఒక పల్లె. బావి కూలింది. ఇద్దరు లోపల ఉన్నారు."

పన్నెండు యాభై అయిదుకు లేచాం. మేజర్ నడుపుతున్నాడు. నేను ఎడమ సీటు. పదకొండు నిమిషాలకు ఎర్ర చేను మధ్యలో నల్లటి గుండ్రం, చుట్టూ మనుషులు కనిపించారు. కిందికి దిగుతుంటే అందరూ తువ్వాళ్లు ఊపారు.

"రమ్మంటున్నారా, పొమ్మంటున్నారా?" అన్నాడు మేజర్ రేడియోలో.

చూశాను. బావి ఒడ్డు నుంచి మట్టి లోపలికి జారుతోంది. మా గాలికే.

"పొమ్మంటున్నారు సార్."

ఆయన వెంటనే పైకి లాగాడు. ఆరు వందల మీటర్ల దూరంలో ఒక రాతి బండ మీద దించాడు. భాష వచ్చినవాణ్ని నేనే కాబట్టి నేను పరుగెత్తాను.

బావి యాభై అడుగులు. నీళ్లు అడుగంటితే ఇంకా లోతు చేయడానికి అన్నదమ్ములిద్దరు దిగారు. పక్క గోడ విరిగి పడింది. నేను వెళ్లేసరికి తమ్ముడు తిప్పన్నను తాళ్లతో పైకి లాగారు. తొడ విరిగింది. చెవిలోంచి రక్తం కారుతోంది. అన్న ఓబులేసు అడుగునే ఉన్నాడు. రొమ్ము దాకా మట్టి, రాళ్లు.

"మీ గాలికి గడ్డలు రాల్తాండాయి సార్," అన్నాడు తాడు పట్టుకున్న ముసలాయన. "ఇంగ దగ్గరికి తేవాకండి."

తిప్పన్నను మంచం మీద బండ దాకా మోశాం. మేజర్ అతన్ని చూసి, ఎడమ సీటు మడిచాడు. పడుకోబెట్టడానికి వేరే చోటు లేదు.

"నువ్వు ఉండిపో. ఇతన్ని పట్టుకోవడానికి ఇంటిమనిషి ఒకరు కావాలి. ఈ ఎండలో ముగ్గురిని మించి లేపదు."

తిప్పన్నకు పెళ్లి కాలేదు. ఉన్నది వదిన లక్ష్మి ఒక్కతే. ఓబులేసు భార్య. నేను తిరిగి బావి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆమె ఒడ్డు వదల్లేదు. లోపలి నుంచి ఓబులేసు గొంతు వచ్చింది.

"నువ్వు పోయే. వానికి ఎవురుండారు?"

"నిన్ను ఇడ్సి యాడికి పోయేది?"

"నేను యాడికీ పోను. ఈడ్నే ఉంటా. పో."

ఆమెను నేనే నడిపించుకుని వెళ్లాను. బెల్టు నేనే కట్టాను. ఒంటిగంట యాభైకి హెలికాప్టర్ లేచింది.

మళ్లీ వెళ్లి బావి ఒడ్డున బోర్లా పడుకున్నాను. లోపల ఇద్దరు నడుముకు తాళ్లు కట్టుకుని చేతులతో మట్టి తీస్తున్నారు. తట్ట మట్టి తీస్తే అరతట్ట జారుతోంది. క్రేను వస్తోందన్నారు. వచ్చినా ఒడ్డుకు చేర్చలేం. ఆ బరువుకు ఉన్న గోడ కూడా కూలుతుంది. నా శిక్షణలో ఇక్కడ పనికొచ్చేది ఒక్కటీ లేదు. మాట్లాడటం ఒక్కటే చేయగలను.

"పోయినాదా సారూ అది?" అన్నాడు ఓబులేసు.

"పోయింది. ఇంకో ఇరవై నిమిషాలకు అనంతపురం ఆసుపత్రి."

"యావూరు మీది?"

"రాప్తాడు."

"అట్లనా. మనోళ్లే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ హెలికాప్టర్ నువ్వు తోల్తావా?"

"నేర్చుకుంటాండా."

"ఇమానం తోలింటివా?"

"తోలినా. చిన్నది."

"రెండిట్లో యాది కష్టమప్పా?"

అన్నీ చెప్పాను. విమానం పోతూనే ఉండాలని, ఆగితే పడుతుందని. ఇది ఆగి గాలిలో నిలబడగలదని, అలా నిలబెట్టడమే నాకింకా చేతకాలేదని.

"అంత కష్టపడి ఆడ నిలబడేది ఎందుకు? కిందికి దిగితే సరిపోదా?"

తాడు పట్టుకున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"నవ్వించాకండప్పా. రొమ్ము పట్టేస్తాండాది," అన్నాడు.

మూడుంబావుకు పెద్ద మట్టి పెళ్ల ఒకటి జారింది. లోపలున్న ఇద్దరినీ పైకి లాగారు. ఓబులేసు మెడ దాకా పూడుకుపోయాడు. మూడున్నరకు సగం మాటలో గొంతు ఆగింది. నేను ఆపలేదు. దిగేటప్పుడు వేగం ఎంత ఉండాలో, గాలి ఎటు ఉందో ఎట్లా కనుక్కోవాలో చెబుతూనే ఉన్నాను. నాలుగింటికి ముసలాయన నా వీపు మీద చెయ్యి వేశాడు.

"చాలప్పా," అన్నాడు.

అయిదుంబావుకు శవాన్ని పైకి తీశారు. అయిదున్నరకు మేజర్ ఇంధనం నింపుకుని, నా కోసం బండ మీద దిగాడు. పొద్దుగూకే లోపల క్యాంపు చేరాలని ఆదేశం.

"తమ్ముడు బతుకుతాడు," అన్నాడు మేజర్. "అన్న?"

చెప్పాను.

"ఆమెకు తెలియదు," అన్నాడు. హెలికాప్టర్‌ను పైకి లేపాడు.

జూన్ మొదట్లో మా డ్యూటీ ముగిసింది. రైలుకు నాలుగు గంటలు ఉంటే ఆసుపత్రికి వెళ్లాను. తిప్పన్న కాలికి సిమెంటు కట్టు. లక్ష్మి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"కడాకు ఏమన్నా అన్న్యాడా సార్?"

"హెలికాప్టర్ ఎట్ల తోల్తారని అడిగినాడు."

ఆమె తల ఊపింది. "బస్సెక్కితే డ్రైవరు పక్కనే కూసుంటాండె. వాయప్పకు అదో పిచ్చి." నావైపు చూడకుండా అంది: "ఆ పొద్దు నేను ఎక్కకుండా ఉండాల్సింది."

తిప్పన్న కళ్లు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

తర్వాత ఏడేళ్లు హెలికాప్టర్ నడిపాను. గాలిలో నిలబెట్టడం బాగానే వచ్చింది. ఉద్యోగం అయిపోయి రాప్తాడుకు వచ్చేశాను. ఎవరైనా అడిగితే ఇంతవరకే చెబుతాను. ఒకటి మాత్రం చెప్పను.

పెద్ద పెళ్ల జారకముందు, హెలికాప్టర్ నడిపే కర్ర ఎట్లా పట్టుకుంటారని అడిగాడు ఓబులేసు. పిడికిలి బిగించకూడదు, వేళ్ల కొసలతో పట్టుకోవాలని చెప్పాను. అతని రెండు చేతుల్లో కుడిదొక్కటే మట్టి బయట ఉంది. దాన్ని ముందుకు చాపి, మూడు వేళ్లు దగ్గర చేసి, ఏమీ లేని చోట మెల్లగా పట్టుకున్నాడు. తల ఎత్తి నావైపు చూశాడు.

"ఇట్లేనా?"

"ఇట్లే," అన్నాను.

పెళ్ల జారాక కూడా ఆ చెయ్యి అతను దించలేదు.