కామాక్షయ్య నాలుక

చరిత్రను రాజులు మార్చారని, యుద్ధాలు మార్చాయని పుస్తకాలు రాసినవాళ్లు అల్లూరు దాటి సముద్రం వైపు ఒక్కసారైనా వచ్చి ఉండరు. తుమ్మగుంటపాళెంలో చరిత్రను మార్చింది రొయ్యపిల్ల. అది గుర్రమెక్కి, కత్తి దూసుకుంటూ రాలేదు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో, మినీలారీలో, కునుకు తీస్తూ వచ్చింది. వెంట్రుకంత లేని ఆ జీవి కళ్లు తెరిచేసరికి, వరి తప్ప వేరే ధ్యాస ఎరగని ఊరు బోర్లాపడింది. అందరిలోకీ ఎత్తు నుంచి పడ్డవాడు నీరుకట్టు కామాక్షయ్య.

నీరుకట్టు అంటే చెరువు తూము చేతిలో ఉన్నవాడు. ఏ కయ్యకు, అంటే ఏ వరిమడికి, ఏ పూట ఎన్ని నీళ్లు పారాలో అతను చెప్పాల్సిందే. చెరువులో నీళ్లు తగ్గిన ఏడు ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. మొదటి తడి చెరువు కిందున్న పెద్ద కయ్యలకు కాదు, సముద్రం వైపు చిట్టచివర ఉన్న కయ్యకు. అది దయాదాక్షిణ్యం కాదు, లెక్క. చివర తీపి నీళ్లు నిలబడితేనే సముద్రం పోటెక్కే ఉప్పుకాలువలోని ఉప్పు పైకి ఎక్కదు. చివరివాడిని ఎండబెడితే ఆ ఉప్పు కయ్య తర్వాత కయ్య ఎక్కుతూ మొదటివాడి గడప దాకా వస్తుంది. అందుకే చివరి కయ్య ఎవరిదైనా ఊరందరికీ అది తమ కయ్యే.

ఒక ఏడు నలభై ఎకరాల పద్మనాభయ్య గుట్టుగా తన కయ్యకు నీళ్లు పారే మడవ తెరుచుకున్నాడు. కామాక్షయ్య వెళ్లి పారతో రెండు మట్టిపెళ్లలు వేసి మూసేశాడు. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. ఒంటి మీద చొక్కా కూడా లేని మనిషి ముందు ఆ ఆసామి తల దించుకున్నాడు. "నీ వంతు ఎల్లుండి పొద్దున, పద్మనాభయ్యా. అప్పటిదాకా ఇంటికాడ పండుకో" అన్నాడు కామాక్షయ్య. పద్మనాభయ్య నిజంగానే వెళ్లి పడుకున్నాడు.

ఇక ఆ నాలుక సంగతి. గుక్కెడు నీళ్లు నోట్లో వేసుకుంటే, అవి ఏ తూము నుంచి వచ్చాయో, పైన ఎవరి బర్రె దిగిందో, ఆ బర్రె ఆ పొద్దు ఏ గడ్డి మేసిందో కామాక్షయ్య చెప్పేవాడు. బర్రె పేరు మాత్రం చెప్పలేకపోయేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా! నెల్లూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు అతన్ని పరీక్షించడానికి ఏడు గ్లాసులు వరసగా పెట్టించాడు. ఆరింటికి ఆరు కాలువల పేర్లు చెప్పి, ఏడో గ్లాసు దగ్గర మొహం చిట్లించి, "ఇది మీ జీపు రేడియేటర్లోది సార్, మార్పించండి, తుప్పు పట్టింది" అన్నాడట. ఆ ఇంజనీరు మళ్లీ ఆ దారిన రాలేదు.

అట్లాంటి నాలుకను రొయ్య వెతుక్కుంటూ వచ్చింది. తొంభైల మొదట్లో ఒకరోజు పద్మనాభయ్య తానే కామాక్షయ్య ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కామాక్షయ్యా, ఉప్పుకాలువ కట్ట యాడ కోస్తే రొయ్యకి సరిపోయే నీళ్లొస్తాయో నీ నాలుక్కి తప్ప ఈ జిల్లాలో ఎవురికి తెలుసు?"

బెదిరిస్తే వంగనివాడు పొగిడితే కరిగిపోయాడు. కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. పది బారలకొకసారి కిందికి దిగి, దోసెడు నీళ్లు పుక్కిలించి, తల అడ్డంగా ఊపుతూ ముందుకు పోయాడు. ఒకచోట ఆగి, "ఈడ" అని పార గుచ్చాడు. మొదటి పెళ్ల తానే తీశాడు. అతని తండ్రీ తాతా ఏటేటా మట్టి పోసి కాపాడిన కట్ట అది. ఆ సాయంత్రం అతని మెడలో బంతిపూల దండ వేశారు.

పదేళ్లకల్లా ఊరి చుట్టూ రొయ్యల గుంటలే. చివరి కయ్యకు మొదటి తడి అన్న కట్టుబాటును ఎవరూ సభ పెట్టి రద్దు చేయలేదు. గుర్తుపెట్టుకోవలసిన పని లేకపోయింది, అంతే. ఒకప్పుడు ఎదురైతే "నీ కయ్య తడిసిందా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు గుంట చుట్టూ కంచె వేసి, కుక్కను కట్టి, పక్కవాడు తొంగి చూస్తే దిష్టి పెడుతున్నాడని తిట్టుకున్నారు. తన గుంటలో రొయ్యకు తెగులొస్తే ఆ నీళ్లను చప్పుడు చేయకుండా కాలువలోకి వదిలేవాళ్లు. పక్కవాడి గుంట కూడా పోయిందని తెలిశాక మనసు కాస్త కుదుటపడేది. తెల్లమచ్చ తెగులు వచ్చి పోయింది, కొత్తరకం రొయ్య వచ్చింది, పద్మనాభయ్య పోయి కొడుకు నరేంద్రబాబు వచ్చాడు. ఆ నేర్చుకున్న బుద్ధి మాత్రం పోలేదు.

తర్వాత ఉప్పు కొలిచే మీటరొచ్చింది. ఒక చుక్క వేసి కంటికి పెట్టుకుంటే అంకె చెబుతుంది. దానికి దండలు అక్కర్లేదు. కామాక్షయ్య నాలుక పెళ్లిళ్లలో పిల్లలను నవ్వించే ఆటగా మిగిలింది. కరోనా వచ్చి దాన్ని కూడా తీసుకుపోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, రుచి తిరిగి రాలేదు. ఈ సంగతి అతని భార్య వెంకటశేషమ్మ ఒక్కతే కనిపెట్టింది. చేదు నీళ్లు పిండకుండా వండిన కాకరకాయ కూర పెడితే, ఆయన మారు వడ్డించుకుని లొట్టలేశాడు.

"ఏందయ్యా, నోరు చచ్చిందా నీకు?"

"నోరు మూసుకోమే. బయట అన్నావంటే చూడు."

ఆమె అనలేదు. నాలుగేళ్లు ఆ గుట్టు ఆ రెండు గదుల్లోనే ఉండిపోయింది.

ఊళ్లో మిగిలిన చివరి కయ్య ఏసుమణిది. అరెకరం. మూడు వైపులా నరేంద్రబాబు గుంటలు. భర్త దావీదు పోయాక ఏళ్ల తరబడి అది బీడుగానే పడి ఉంది. మొన్నటి ఏడు కార్తీకంలో వానలు దంచికొట్టాయి. ఏసుమణి మూలన కొత్తగా ఒక దొరువు తవ్వించుకుంది. ఇసక నేలలో నిలువెత్తు గొయ్యి, అందులో ఊరే నీళ్లు. ఆ నీళ్లు తీపైతే వరి నాటుతుంది. ఉప్పైతే నేలను నరేంద్రబాబు గుంటలో కలిపేస్తుంది. ఒకసారి గుంట తవ్వితే ఆ నేల మళ్లీ కయ్య కాదు.

నరేంద్రబాబు తన మీటరు తెచ్చి చూసి, ఉప్పన్నాడు. ఏసుమణి నమ్మలేదు. నేల కావలసినవాడే కొలిస్తే ఎవరు నమ్ముతారు? తిన్నగా కామాక్షయ్య ఇంటికి వచ్చింది.

"పెద్దయ్యా, నువ్వొచ్చి ఒక్క గుక్క తాగి చెప్పు. నువ్వు ఉప్పంటే ఈ పొద్దే ఆయనకి ఇచ్చేస్తా. తీపంటే రేపే నారు తెప్పించి నాటిస్తా."

నాలుగేళ్లలో ఆ గడప ముందుకొచ్చి ఆ మాట అడిగినవాళ్లు లేరు. కామాక్షయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. వెనక నుంచి వెంకటశేషమ్మ దగ్గింది. వినపడనట్టు నడిచాడు.

దొరువు దగ్గర నరేంద్రబాబు బండికి ఆనుకుని నిలబడ్డాడు. "తాతా, మీటరు ఉప్పు మూడు చూపిస్తా ఉండాది. నువ్వు నాకితే రెండవుద్దా?"

గట్టు మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. కామాక్షయ్య దోసెడు నీళ్లు ఎత్తి నోట్లో పోసుకున్నాడు. చల్లగా ఉన్నాయని తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు. ఆ నీళ్లను కుడి బుగ్గకు, ఎడమ బుగ్గకు తిప్పాడు, నాలుక కింద దాచాడు. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టుంది. తల ఎత్తితే ఏసుమణి రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని తన నోటికేసే చూస్తోంది. 'నాకు తెలియడం లేదు' అనడానికి మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలూ నరేంద్రబాబు నవ్వు ముందర గొంతు దాటలేదు.

"తీపి" అన్నాడు. "టెంకాయ నీళ్ల మాదిరుండాయి. నాటుకో పో."

నరేంద్రబాబు వాదించలేదు. "సరే అక్కా, నీ ఇష్టం" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఇంట్లో వెంకటశేషమ్మ కంచం ముందర పెట్టి అడిగింది. "ఏం చెప్పినావు?"

"తీపన్నా."

"నీకు తెలిసిందా?"

"తెలిసేదేముంది? ఇన్ని వానలు పడినాయి, తీపి గాక ఏమైతాది?"

"ఇంకా నాట్లు పడలా. పోయి నిజం చెప్పు."

కామాక్షయ్య చెయ్యి కడుక్కుని వీధి మలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఎవరో "ఏం కామాక్షయ్యా, మీటరునే ఓడించినావంటనే!" అన్నారు. ఆ మాట నాలుకకు తగల్లేదు గానీ చెవికి తియ్యగా తగిలింది. వెనక్కి వచ్చేశాడు. మరుసటిరోజు వెళ్దామనుకున్నాడు. మరుసటిరోజు ఏసుమణి కయ్యలో నాట్లు పడుతున్నాయి.

పన్నెండో రోజుకు ఆకుల కొనలు ఎర్రబడ్డాయి. ఇరవయ్యో రోజుకు కయ్యంతా తగలబెట్టిన చాప. మీటరు చెప్పింది నిజమే.

ఏసుమణి అతని ఇంటికి రాలేదు. తిట్టలేదు. వారం తర్వాత ఒక పొద్దున హజరత్తయ్య టీ అంగడి దగ్గర, నరేంద్రబాబుకు నేల రాసిచ్చే కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చి బల్ల మీద కూర్చుంది. గుంట తవ్వే మిషను అప్పటికే కయ్య గట్టు మీద సిద్ధంగా ఉంది. కామాక్షయ్య వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాడు. నోరు తెరవకముందే హజరత్తయ్య టీ తిరగబోస్తూ కన్నుగీటాడు.

"రావయ్యా, రా! ఎంత గుంజినావు నరేంద్రబాబు కాడ?"

"గుంజేదేంది?"

"మాకాడ దాచేదేంది? ఆమె నాటాల, పైరు చావాల, నేల ఆయన చేతికి రావాల. అందుకే గదా ఆ పొద్దు ఆయన కిక్కురుమనకుండా పోయింది. ఏమైనా నువ్వు గట్టోడివబ్బా!"

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. మెచ్చుకోలు ఉంది. కామాక్షయ్యకు ఎక్కువ తగిలింది అదే. నీరుకట్టు అమ్ముడుపోయాడంటే ఒకప్పుడు ఈ ఊళ్లో అన్నవాడి పళ్లు రాలేవి. ఇప్పుడు బెంచీ జరిపి కూర్చోమంటున్నారు. పక్క బల్ల మీదున్న నరేంద్రబాబు ఔననలేదు, కాదనలేదు. సెల్‌ఫోన్ చూసుకుంటూ చిన్నగా నవ్వాడు.

"నేనెవురికాడా ఏం తీసుకోలా" అన్నాడు కామాక్షయ్య. గొంతు పెంచాడు. "నాకు నాలుక లేదు! కరోనాలో పోయింది. నాలుగేండ్లుగా దేనికీ రుచి తెలవదు. ఆ పొద్దు సిగ్గుపడి అబద్ధం చెప్పినా, ఏసుమణీ. అంతే నేను చేసిన తప్పు."

"బలే కథ కట్టినావే!" అన్నాడు హజరత్తయ్య.

కామాక్షయ్య పొయ్యి పక్కనున్న కల్లుప్పు డబ్బాలో చెయ్యి పెట్టాడు. పిడికెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు. పటపటా నమిలాడు. కళ్లలో నీళ్లు తిరగలేదు, మొహం చిట్లించలేదు. మరమరాలు నమిలినట్టు నమిలి, అందరూ చూస్తుండగా మింగాడు. మళ్లీ పిడికెడు తీశాడు. అంగట్లో నవ్వు ఆగింది. ఏసుమణి కలం పట్టుకుని అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఆమె నమ్మిందనుకున్నాడు.

"ఇంత ఉప్పు తినేదానికి మళ్లీ ఎంత ఇచ్చినాడు పెద్దయ్యా?" అని అడిగింది ఆమె.

తర్వాత కాగితం తనవైపుకు తిప్పుకుని, చూపించిన చోటల్లా ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ సంతకం పెట్టింది.